రంగు వెయ్యకూడని పలక

పిడుగుకి మనమీద కోపమేమీ ఉండదు. ముప్పై రెండేళ్లు బడిలో సైన్సు చెప్పాను, ఏటా ఈ ముక్కతోనే ఆ పాఠం మొదలుపెట్టేదాన్ని. దానికి కావలసింది దారి. మేఘంలోంచి నేలలోకి దిగడానికి మంచి దారి చూపిస్తే మర్యాదగా దిగిపోతుంది. చూపించకపోతే తనే చేసుకుంటుంది. గోడలోంచి చేసుకుంటుందా, మనిషిలోంచి చేసుకుంటుందా అన్నది దానికి పట్టదు.

ఈ పాఠం వినకుండా చివరి బెంచీలో నిద్రపోయినవాడు ఒకడు ఉండేవాడు. వాడే తర్వాత నా చిన్నల్లుడయ్యాడు. ఇప్పటికీ నన్ను "టీచరత్తయ్యా" అనే పిలుస్తాడు. వాడూ మా చిన్నమ్మాయీ కలిసి కిందటేడు ఒక పాత మోటారు పడవ కొన్నారు. నది సముద్రంలో కలిసేచోట జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చే పడవ. నడిపేది మా అమ్మాయి. టిక్కెట్లు చింపేదీ తాళ్లు కట్టేదీ వాడు.

పడవ బాగానే ఉంది. అందులోని సామానే మొత్తం మాడిపోయి ఉంది. అంతకుముందు వానాకాలంలో పిడుగు పడిందిట. వైర్‌లెస్ సెట్టు, దారి చూపే జీపీఎస్, నీటి లోతు చూపించే తెర, అన్నీ బొగ్గయ్యాయి. పడవ అడుగున బొటనవేలు పట్టేంత కన్నం కూడా పడింది. అందుకే పాత యజమాని వదిలించుకున్నాడు. వీళ్లు కన్నం పూడ్పించి, కొత్త సామాను తెచ్చి బిగించి, పడవని నీళ్లలోకి దించేముందు నన్ను పిలిచారు.

"ఈసారి ఏదీ కాలకూడదు టీచరత్తయ్యా. మీరు చెప్పండి, మేం చేస్తాం," అన్నాడు అల్లుడు.

"అప్పుడు వినుంటే ఇప్పుడు చెప్పించుకునే పని ఉండేది కాదుగా," అంది అమ్మాయి.

పడవలు బాగుచేసే ఆ షెడ్డు రేవు పక్కనే ఉంది. రేకుల కప్పు. కింద బురద. తారు వాసన, డీజిల్ వాసన, ఎండిన నాచు వాసన కలిసి గొంతులో అంటుకుంటాయి. మా పడవని షెడ్డు బయట, ఆరుబయలు, చెక్క దిమ్మెల మీద ఎత్తి నిలబెట్టారు. దాని పొట్ట నా ఛాతీ ఎత్తులో ఉంది.

షెడ్డు మేస్త్రికి డెబ్భై దాటుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. నా కన్ను ముందు ఆయన చేతులమీద పడింది. ఏం చెయ్యను, ప్రతి సోమవారం పిల్లల గోళ్లు చూసిన అలవాటు. పొడుగ్గా, పసుపుపచ్చగా, లోపల తారు నిండిన గోళ్లు. ఆశ్చర్యమేమిటంటే మెడలో తాడుకి ఒక గోళ్లకత్తెర వేలాడుతోంది. కొత్తదిలా మెరుస్తోంది.

"కత్తెర మెడలో వేసుకుంటే గోళ్లు తెగవు మేస్త్రీ, వేళ్లకి పెట్టాలి," అన్నాను.

ఆయన నవ్వలేదు. కత్తెరని చొక్కాలోకి తోసుకున్నాడు.

పని సులువుగా చెప్తాను, వినండి. పడవ మీద అన్నిటికన్నా ఎత్తున ఒక మొనదేలిన కడ్డీ ఉండాలి. దానినుంచి వేలిలావు రాగితీగ, వంపులు లేకుండా నేరుగా కిందికి రావాలి. పడవ అడుగున, బయటివైపు, నీళ్లు తగిలేలా ఒక రాగి పలక బిగించాలి. తీగ ఆ పలకకి కలవాలి. పిడుగు కడ్డీ పట్టుకుని, తీగలో దిగి, పలకలోంచి నీళ్లలోకి పోతుంది. అంతే. ఇక సామాను దగ్గర ఒక చిన్న డబ్బా పెడతారు. కరెంటు ఒక్కసారిగా పోటెత్తితే ఆ డబ్బా తను మాడిపోయి, వెనకున్నవాటిని కాపాడుతుంది.

"అంటే ఆ డబ్బా ఈ ఇంట్లో అల్లుడన్నమాట," అన్నాడు వాడు.

"డబ్బా ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందిలే," అంది అమ్మాయి.

కడ్డీ, తీగ పాతవే బాగున్నాయి. పాత పలక ఎలా ఉందోనని నవ్వుకుంటూ పడవ కిందికి వంగి చూశాను. నవ్వు ఆగిపోయింది.

పలక మీద రంగు వేసి ఉంది.

పడవ పొట్టకంతా వేసిన నీలంరంగే పలక మీదా వేశారు. ఒక పూత కాదు, ఎన్ని పూతలో లెక్కలేదు. గడ్డలు గడ్డలుగా ఉబ్బి ఉంది. ఎర్త్ పలకకి రంగు వెయ్యడమంటే ఇంటి తలుపు తీసి, వచ్చిన చుట్టం ఎదురుగా ఇటుకగోడ కట్టడం. రంగు కరెంటుని పోనివ్వదు. పిడుగు అక్కడిదాకా వచ్చి, దారి లేక, పక్కన కన్నం పొడుచుకుని పోయింది. సామానంతా అందుకే కాలింది.

"ఎవడయ్యా ఈ పని చేసినవాడు? పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమా? పడవకి వేసినట్టు పలకకీ వేసెయ్యడమేనా?" అన్నాను.

"నేనే," అన్నాడు మేస్త్రి.

"మీకు తెలీదా?"

"తెలుసు టీచరమ్మా." మెల్లగా అన్నాడు. "దాన్ని గీకకండి. కొత్త పలక ఇంకోచోట వేసుకుందాం."

కొత్త పలక రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నాడు అల్లుడు. వానలు అప్పటికే మొదలయ్యాయి. మరో నాలుగు రోజుల్లో అమ్మాయి నీళ్లమీద ఉండాలి. ఆ మొనదేలిన కడ్డీ కింద, ఇరవైమంది జనంతో, చక్రం పట్టుకుని నిలబడేది నా కూతురు. మేస్త్రిది ముసలి చాదస్తం అనుకున్నాను. అల్లుణ్ణి గీకమన్నాను.

మొదటి రెండు పూతలూ పెచ్చులుగా రాలాయి. మూడోది రాలలేదు. గీకుతున్న ఇనప రేకు కింద మెత్తగా వంగింది, మరీ ముగ్గిన పండు తొక్కలాగా. గీకినచోట జిగురు సాగింది. వాసన మొదలైంది. కాలిన జుట్టు వాసన, దానికింద నాలుగురోజులు మూత పెట్టి మరిచిపోయిన మాంసం వాసన. ఆరో తరగతి పిల్లల వాంతులు ఎత్తినదాన్ని నేను, చీమిడి ముక్కులు కొంగుతో తుడిచినదాన్ని. నాకు అసహ్యం అంత తొందరగా పుట్టదు. ఆ వాసనకి మాత్రం నోట్లో ఉప్పునీళ్లు ఊరాయి.

అమ్మాయి దిమ్మె పట్టుకుని పక్కకి వంగి భళ్లున కక్కుకుంది.

"పొద్దున్నుంచీ ఇంతే. ఏం తిన్నా నిలవడంలేదు," అంది మూతి తుడుచుకుంటూ. వాసనకే అనుకున్నాను.

రంగు కింద రాగి కనిపించలేదు. పల్చటి, తెల్లబారిన పొర ఒకటి కనిపించింది. గుల్లలు పట్టిన నాచేమో అన్నాడు అల్లుడు. నాచుకి గీతలుండవు. దీనికి ఉన్నాయి. సన్నటి, వంకరటింకర గీతలు. వాటిమధ్య సూదిమొనలంత రంధ్రాలు. కొన్ని రంధ్రాల్లోంచి నల్లటి వెంట్రుకలు... పొట్టిగా, తడిగా, పలకకి అంటుకుని పడుకుని ఉన్నాయి.

నేను వద్దనేలోపు అమ్మాయి కుడి అరచెయ్యి చాపి దాని తడి తుడిచింది. ముందురోజే గోళ్లరంగు వేసుకుంది పిల్ల, ఇటికరంగుది.

"అమ్మా... ఇది వెచ్చగా ఉంది."

చెయ్యి వెనక్కి తీసింది. రాలేదు. ఇంకొంచెం బలంగా లాగింది. తడిసిన అట్ట ఊడినట్టు చప్పుడు చేసి వచ్చింది. అరచేతి నిండా జిగురు. పాతగుడ్డకి ఎంత తుడిచినా, గుడ్డే నానింది తప్ప జిగురు తగ్గలేదు.

అప్పుడే ఎండ పోయింది.

మధ్యాహ్నం రెండున్నర. పడమట మబ్బు ఎప్పుడు లేచిందో మేం చూడలేదు. కింద పలకమీదే ఉన్నాయి కళ్లు. గాలి చల్లగా తిరిగింది. దూరంగా మెరిసింది. అలవాటుగా లెక్కపెట్టాను. ఒకటి, రెండు... పద్దెనిమిది దగ్గర ఉరిమింది. మూడు అంకెలకి ఒక కిలోమీటరు. ఆరు కిలోమీటర్లు. ఉరుము వినబడిందంటే మనం అప్పటికే దాని చేతికి అందేంత దూరంలో ఉన్నట్టు, ఇది గుర్తుపెట్టుకోండి.

"సామాను తీగలన్నీ ఊడదీసి వస్తా," అని అమ్మాయి నిచ్చెనెక్కింది. అది సరైన పనే. ఉరుములొస్తే యాంటెన్నా తీగలూ బ్యాటరీ తీగలూ ఊడదియ్యాలి. చేతిలో పట్టుకునే చిన్న వైర్‌లెస్ సెట్టుని మూత గట్టిగా పట్టే స్టీలు గిన్నెలో పెట్టాలి. చుట్టూ లోహం ఉంటే పిడుగు పోటు లోపలికి రాదు. అమ్మాయి సెట్టులోంచి బ్యాటరీ తీసి అల్లుడికి విసిరింది. సెట్టుని గిన్నెలో పెట్టి, మూత బిగించి, తాడుతో నాకు దింపింది. వాడు బ్యాటరీ జేబులో వేసుకున్నాడు. నేను చూశాను.

పడవ నీళ్లలో లేదు కదా, పలక గాలిలో వేలాడుతోంది. అలాంటప్పుడు ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పలక మూలకి కొక్కెం తగిలించి, గొలుసు కిందికి దింపి, ఉప్పునీళ్లు నింపిన గుంటలో ముంచుతారు. గొలుసు గుంటలో ఉంది. కొక్కెం నా చేతిలో ఉంది. కానీ అది కరవాల్సింది ఒట్టి రాగిని. పలక మూల ఇంకా ఆ పొర కిందే ఉంది.

మెరిసింది. పదకొండు.

"అమ్మాయ్, చాలు, దిగు!"

జవాబు వచ్చింది. పైనుంచి కాదు. నా చంకలో ఉన్న గిన్నెలోంచి.

"కొంచెమే ఉంది... అయిపోతుంది..."

మగగొంతు. నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టు ఉంది. గిన్నె నా పక్కటెముకలకి తగిలి సన్నగా వణికింది.

అల్లుడు జేబులోంచి బ్యాటరీ తీసి, చూసుకుని, నాకు చూపించాడు.

అదే క్షణంలో పైనుంచి అమ్మాయి కేకేసింది.

"కొంచెమే ఉందమ్మా, అయిపోతుంది! ఈ ఒక్క మరమేకు తుప్పు పట్టింది!"

అవే మాటలు. అదే సాగదీత.

"దింపండి! ఆ పిల్లని దింపండి!" మేస్త్రి నా చీర కుచ్చెళ్లు పట్టుకున్నాడు. "వాడూ అదే అన్నాడు టీచరమ్మా..."

"ఎవరు?"

"పడవల అడుగు గీకేవాడు. రెండేళ్లయింది. నీళ్లలో దిగి ఈ పలక గీకుతున్నాడు. దూరంగా ఉరిమింది. పైకి రారా అన్నాను. కొంచెమే ఉంది మేస్త్రీ, అయిపోతుంది అన్నాడు. సాయంత్రానికి పడవ వెళ్లాలి... నేను రెండోసారి పిలవలేదు. పిడుగు పైన పడి కిందికి దిగింది. మనిషి తేలాడు. అరచేతుల తోలు తేల్లేదు. పలకకే ఉండిపోయింది, తొడుగులాగా. గీకాను. ఎంత గీకినా కొంత రాలేదు. రంగేశాను. రంగులోంచి మళ్లీ..."

చొక్కామీంచి కత్తెర పట్టుకున్నాడు. ఏమిటి మళ్లీ అని అడగలేదు నేను. నాకు కనబడుతూనే ఉంది. నేను గీకాల్సిన ఆ మూలలో, రంగు పెచ్చు కిందనుంచి, ఐదు చిన్న ఒంపులు వరసగా తోసుకుని వస్తున్నాయి. తడిసిన చర్మంలోంచి. కొంచెం కొంచెంగా.

మెరిసింది. ఏడు.

నిచ్చెనమీద కాలు పెట్టబోయిన అల్లుణ్ణి ఆపాను. తడిసిన అల్యూమినియం నిచ్చెన అది. "పైనే ఉండమను! మధ్యలో కూచోమను, దేన్నీ ముట్టుకోవద్దను!" అని అరిచాను. దిగే సమయం దాటిపోయింది. ఇక అమ్మాయి ప్రాణం ఈ మూలమీదే ఉంది. ఇది శుభ్రపడితే పిడుగు పక్కనుంచి పోతుంది. లేకపోతే అమ్మాయిలోంచి పోతుంది.

"వద్దు! రంగేస్తే పిడుగుకి దారుండదు, నిజమే. కానీ తీసేస్తే వాడికి దారి ఉంటుంది!" అన్నాడు మేస్త్రి.

ఇనప రేకు తీసుకుని గీకాను.

ఎలా చెప్పను. రేకు కింద అది వణికింది. ఇంకా చావని చేప పొలుసు గీకినట్టు ఉంది. పల్చటి పసుపునీరు నా మణికట్టుమీదుగా మోచేతిదాకా కారింది. గోరువెచ్చగా. గోళ్లు రేకుని గీరుకున్నాయి, నల్లబోర్డుమీద గోటితో గీసిన చప్పుడు, పళ్లు జివ్వుమనే ఆ చప్పుడు. తోలు చుట్టలు చుట్టుకుని నా కాళ్లమీద పడుతోంది. ఒక ముక్క నా పెదవిమీద పడింది. ఉమ్మాను. ఉమ్మి మళ్లీ గీకాను. గిన్నె నేలమీద గలగలలాడుతోంది. లోపల ఆ గొంతు ఆగకుండా... "కొంచెమే ఉంది... కొంచెమే ఉంది..."

రాగి మెరిసింది. రూపాయి బిళ్లంత. అంతే చాలు. కొక్కెం తగిలించాను.

మేస్త్రీ అల్లుడూ చెరో రెక్కా పట్టుకుని నన్ను షెడ్డులోకి ఈడ్చారు.

లెక్కపెట్టడానికి అంకె లేదు. వెలుగూ చప్పుడూ ఒక్కటే. పళ్లలో సీసం రుచి. కళ్లు తెరిచేసరికి గుంటలో నీళ్లు లేవు, ఆవిరి ఉంది. గొలుసు ఎర్రగా కాలి, బురదలో చుయ్యిమంటోంది. గిన్నె నిశ్శబ్దంగా ఉంది.

"అమ్మాయ్!"

షెడ్డు బయటికి వచ్చి మళ్లీ పిలిచాను.

"అమ్మాయ్!"

కాసేపటికి పడవ అంచుమీంచి ఒక తల లేచింది.

"అరవకమ్మా. చెవులు గుయ్యిమంటున్నాయి."

అల్లుడు బురదలో కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వాన వెలిశాక తీగలన్నీ కలిపారు. జీపీఎస్ వెలిగింది. లోతు తెర వెలిగింది. వైర్‌లెస్‌లో రేవు ఆఫీసు గొంతు శుభ్రంగా వినిపించింది. ఆ చిన్న డబ్బా ఒక్కటే నల్లగా మాడింది. "చూశావా, అల్లుడు పనికొచ్చాడు," అన్నాడు వాడు. ఎవరం నవ్వలేదు. పలకమీద తోలన్నది లేదు. మొత్తం రాగి, కొత్త నాణెంలా. ఇక పూర్తయిందనుకున్నాను.

అమ్మాయి మాత్రం కుడి అరచెయ్యి చీర అంచుకి రుద్దుకుంటూనే ఉంది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు చూశాను. అరచేతిలో గీతలు లేవు. రెండో తరగతిలో చాకుతో తెగి పడ్డ మచ్చ కూడా లేదు. నున్నగా, రంగు పూసినట్టు ఉంది.

రెండు నెలలయింది. మేస్త్రి పని మానేశాడు. వెళ్లేముందు మెడలో కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. "రంగెయ్యాలా వద్దా మీరే చూసుకోండి టీచరమ్మా. నాకైతే రెండు దారులూ పాపమే అయ్యాయి," అన్నాడు.

రంగు వెయ్యనివ్వలేదు నేను. రోజూ నా కూతురు ఆ కడ్డీ కిందే నిలబడుతుంది, వానలు ఇంకా పోలేదు. మరేం చెయ్యమంటారు?

నిన్న అడుగు కడగడానికి పడవని పైకెత్తారు. వాళ్లు రాకముందే నేనొక్కదాన్నీ దానికిందికి వెళ్లాను. రాగి కనిపించలేదు. పొర మళ్లీ పట్టింది. ఈసారి దాని గీతలు నాకు తెలుసు. ఎడంపక్కన చాకుతో తెగిన మచ్చ తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని, కత్తెర తీసి, పొరలోంచి మొలిచిన గోళ్లు కత్తిరించాను. మెత్తగా ఉన్నాయి, నీళ్లలో నానినట్టు. కత్తిరించినచోటల్లా ఒక చుక్క ఊరింది. తర్వాత, పిడుగుకి దారి కావాలి కనక, ఒక మూల గీకాను. సరిగ్గా ఆ వేళకి ఇంట్లో అమ్మాయి చేతిలో గ్లాసు పడిపోయిందిట. అల్లుడు చెప్పాడు.

ఇంటికొచ్చి వాటిని సబ్బునీళ్లతో కడిగి తెల్లకాగితంమీద ఆరబెట్టాను. ఐదింటికీ ఇటికరంగు ఉంది. పైన పూసింది కాదు, గోటి మందమంతా అదే రంగు. అమ్మాయి కుడిచేతి గోళ్లు ఆరోజునుంచీ పెరగలేదు. వాటి రంగు కూడా చెక్కుచెదరలేదు.

కాగితంమీద ఆరోది కూడా ఉంది. దానికి రంగు లేదు. చేప పొలుసుకన్నా పల్చన, బియ్యపుగింజలో సగం. ఇంతమంది మనవలకి నీళ్లుపోసిన చేతులివి, అప్పుడే పుట్టిన బిడ్డ గోరు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అమ్మాయి ఇంకా మాతో ఏమీ చెప్పలేదు.